సహాధ్యాయి పలుకులో దోషము

ఋశ్యమూక పర్వత ప్రాంతమున భిక్షువేషముతో తమ యెదుట నిలిచిన హనుమంతుని మాటలు విని శ్రీరామచంద్రుడు లక్ష్మణునితో పలికిన పలుకులు వాల్మీకి రామాయణమునందు కిష్కింధాకాండ మూడవ సర్గలో ఉన్నవి. ఇతడు వేదములు నేర్చినవాడు, వ్యాకరణమును పలుమారులు విన్నవాడు, ఇంతసేపు మాటలాడినను ఒక్క అపశబ్దమైనను దొర్లలేదు అని స్వామి మెచ్చుకొనెను. అంతటితో ఊరకొనలేదు. ముఖమునందు గాని, కన్నులయందు గాని, కనుబొమలయందు గాని ఎట్టి వికారమును కానరాలేదనియు, మాట మరీ సాగక, మరీ తొందరపడక, సందేహమునకు తావీయక సహజముగా వెలువడినదనియు తమ్మునికి వివరించెను. అనంతపురము, గుంతకల్లు ప్రాంతముల వారికి ఈ ఘట్టము కొత్తది కాదు. వ్యాసరాయలవారు ప్రతిష్ఠించిరని ప్రసిద్ధికెక్కిన కసాపురము నెట్టికంటి ఆంజనేయస్వామి సన్నిధికి పోవు భక్తులు ఆ స్వామిని నవవ్యాకరణ పండితుడని స్తుతించుచునే యుందురు.

అయితే ఈ ఘట్టమునందు ఒక ప్రశ్న మిగిలిపోవుచున్నది. హనుమంతుని నోట ఒక్క అపశబ్దము దొర్లియుండినచో శ్రీరాముడు ఏమి చేసియుండును? నవ్వియుండునా? లక్ష్మణునికి కనుసైగ చేసియుండునా? అక్కడికక్కడ దిద్దియుండునా? వినియు విననట్లు ఊరకుండెడివాడా? వాల్మీకి మహర్షి చెప్పలేదు. చెప్పవలసిన అవసరము ఆయనకు కలుగలేదు. ఆ అవసరము అనంతపురపు అద్దె గదులలో ప్రతి సాయంకాలమును కలుగుచున్నది.

రాయలసీమలో అనంతపురము మిక్కిలి వర్షాభావము గల మెట్టభూమి. సాలున సగటు వర్షపాతము 550 మిల్లీమీటర్లకు అటునిటుగా ఉండును. నైరుతి ఋతుపవనములకు పడమటి కనుమలు అడ్డు, ఈశాన్య ఋతుపవనములకు తూర్పు సముద్రము దూరము. ఎర్రనేలలో సెనక్కాయ విత్తి ఆకసము వంక చూచుట అక్కడి సేద్యము. 2022వ సంవత్సరమున జిల్లా రెండై అనంతపురము, శ్రీ సత్యసాయి జిల్లాలుగా ఏర్పడినను పైనున్న ఆకసము మాత్రము ఒక్కటిగానే ఉన్నది. కల్యాణదుర్గము, రాయదుర్గము, మడకశిర, కదిరి పల్లెలనుండి తల్లిదండ్రులు బెంగుళూరునకు కూలికి పోవుచు, బిడ్డలను మాత్రము చదువుటకై అనంతపురము పంపుదురు. 1916లో దత్తమండల కళాశాలగా వెలసిన నేటి ప్రభుత్వ కళాశాల, 1981లో ఏర్పడిన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము ఇట్టి బిడ్డలను ఎందరినో చూచినవి. 1969లో స్పెయిను దేశస్థుడు విన్సెంట్ ఫెర్రరు అనంతపురమున ఆరంభించిన గ్రామీణాభివృద్ధి సంస్థయు పల్లెయువతకు విదేశీ భాషలు నేర్పుటకై ప్రత్యేకముగా ఒక పాఠశాలనే నెలకొల్పినది. ఒక బోరు ఎండిపోయినచో అప్పుచేసియైనను మరియొక బోరు వేయు సీమ యది. ఆంగ్లభాషయు అక్కడివారి దృష్టిలో అట్టి బోరే. నీరు పడినచో ఇంటిల్లిపాది బ్రతుకును.

పగలు తరగతిలో గురువు ఉండును. సాయంకాలము గురువు ఉండడు. తెలుగు మాధ్యమమున చదివి వచ్చిన ఇద్దరో ముగ్గురో మిత్రులు ఒక గదిలో చేరి, ఈ గంటసేపు తెలుగు మాటలాడరాదని నియమము పెట్టుకొందురు. అందరును నేర్చుకొనువారే, ఎవ్వరును నేర్చినవారు కారు. ఒకరి నోట తప్పు దొర్లును. రెండవవారి చెవికి అది తెలియును. అప్పుడు ఏమి చేయుట ధర్మము?

ఇది చిన్న విషయమని తోచవచ్చును. కాని ఆ తప్పు ఎక్కడనుండి పుట్టుచున్నదో ముందు చూడవలెను. తెలుగువాని ఆంగ్లములోని దోషములలో పెక్కింటికి మూలము అజ్ఞానము కాదు, తెలుగు. తెలుగున నామమునకు ముందు ‘ఎ’, ‘ది’ వంటి చిన్న మాటలు చేర్చు ఆచారము లేదు. అందుచేత ఆంగ్లమునను అవి జారిపోవును. తెలుగున ‘కదా’ అను ఒక్క మాట ఏ వాక్యమునకైనను తోకగా అమరును. అందుచేత ఆంగ్లమున అన్ని వాక్యముల చివరను ‘ఇజింట్ ఇట్’ వచ్చి కూర్చుండును. ‘ఈ దినము పొద్దున’ అనుట అలవాటైన నాలుక ‘టుడే మార్నింగ్’ అనును. పదాదియందలి ఎకారమునకు యకారమును, ఒకారమునకు వకారమును తోడగుట తెలుగు ఉచ్చారణకు సహజము గనుక ‘ఎగ్’ అనునది ‘యెగ్’ అగును, ‘ఓన్లీ’ అనునది ‘వోన్లీ’ అగును. ఈ తప్పులన్నియు మాతృభాష నీడలు. ఆ నీడను చూచి నవ్వినవాడు తన తల్లినే చూచి నవ్వుచున్నాడని గ్రహింపడు.

ఇక్కడ ఒక విచిత్రము కలదు. ఆంగ్లమున ‘వి’ అను ఒక్క మాటయే యుండుటచే, ఆ భాషవారు తెలుగు నేర్చునప్పుడు ‘మేము’ ‘మనము’ అను భేదము తెలియక తికమకపడుదురు. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను 1820లో కడపకు వచ్చి తెలుగు నేర్వనారంభించి, పండితుల చెంత చేరి, వారి సాహాయ్యముతోనే గ్రంథములు పరిష్కరించి, 1852 నాటికి నిఘంటువును వెలయించెను. అంతటివాడైనను తొలుత తప్పులు లేక మాటలాడియుండడు గదా. దొర నోట వచ్చీరాని తెలుగు విన్నచో మనవారు ‘ఎంత ముద్దుగా మాటలాడుచున్నాడు!’ అని మురిసిపోవుదురు. తమ యింటి పిల్లవాని నోట వచ్చీరాని ఆంగ్లము విన్నచో ముసిముసి నవ్వులు నవ్వుదురు. ఈ దృష్టిదోషమును ఏ వ్యాకరణమును దిద్దజాలదు.

నవ్వు చేయు కీడు ఎట్టిదో కథాసరిత్సాగరమునందలి శాతవాహనుని కథ తెలుపుచున్నది. రాజు రాణులతో జలక్రీడ లాడుచుండ, ఒక రాణి తనపై నీళ్ళు చల్లవద్దని సంస్కృతమున పలికెను. ‘మా’ ‘ఉదకైః’ అను రెండు పదములు సంధిచే ‘మోదకైః’ అయినవి. సంధి తెలియని రాజు కుడుములు కావలెనని కోరుచున్నదనుకొని తెప్పించెను. రాణి అందరి నడుమ నవ్వెను, ఇంతటి సంధియు తెలియని మూఢుడవా యని దెప్పెను. రాజు మాట మాని, అన్నము మాని, శయ్యపై వ్రాలెను. వ్యాకరణము నేర్పుటకు ఆరేండ్లు చాలునని గుణాఢ్యుడు చెప్పగా, ఆరు మాసములలోనే నేర్పెదనని శర్వవర్మ పలికెను. అది జరిగినచో సంస్కృతము, ప్రాకృతము, దేశభాష మూడింటిని విడిచెదనని గుణాఢ్యుడు పంతము పట్టెను. కుమారస్వామి యనుగ్రహముచే కాతంత్ర వ్యాకరణము లభింపగా శర్వవర్మ మాట నెగ్గెను. గుణాఢ్యుడు మూడు భాషలను విడిచి వింధ్యారణ్యమునకు పోయెను. అక్కడ పైశాచీ భాషలో ఆయన రచించిన బృహత్కథలో అధిక భాగము రాజు ఆదరింపకుండుటచే అగ్నిపాలయినదనియు ఆ కథయే చెప్పును.

నవ్వినందుననే గదా రాజు వ్యాకరణము నేర్చెను, కావున నవ్వును మేలే చేసినదని కొందరు వాదింపవచ్చును. ఈ వాదము నిలువదు. రాజునకు వ్యాకరణము వచ్చినది నవ్వువలన కాదు, నేర్పుటకు పూనుకొన్న శర్వవర్మ వలన. నవ్వువలన వచ్చినవి శయ్యపై మౌనమును, ఒక మహాకవి భాషాత్యాగమును. పైగా రాజునకు మంత్రులు ఉండిరి. మడకశిర పల్లెనుండి వచ్చిన పిల్లవానికి ఎవరున్నారు? వాడు ఒక్కమారు నవ్వులపాలైనచో మరునాటినుండి నోరు విప్పడు. తప్పులతో మాటలాడువానికి ఏనాటికైనను భాష వచ్చును, మాటలాడుట మానినవానికి రాదు.

ఇంతమాత్రముచే తప్పు విన్న మిత్రుడు ఊరకుండుటయే మేలని తలపరాదు. మర్యాద పేరిట ఊరకుండుట పలుమారులు మర్యాద కాదు. ఏడాది పొడవునను పక్కననే యుండి ఒక్కనాడును చెప్పని తప్పును బెంగుళూరులో ఉద్యోగమిచ్చువాడు ఒక్క నిమిషములో వినును. అతడు దిద్దడు, నవ్వడు, కాగితముపై ఒక గీత గీసి మరియొకరిని పిలుచును. ఆ మాటను మిత్రుడు ముందే చెప్పియుండినచో ఎంత బాగుండెడిది! ఎందుకు చెప్పలేదు? నొప్పించుటకు ఇష్టములేక యని బయటికి చెప్పుకొనును. లోపల తరచి చూచుకొన్నచో, చెప్పి చెడ్డవాడనగుట యెందుకని తన సుఖమునే చూచుకొన్నట్లు తెలియును. ఇంకను లోతుగా చూచుకొన్నచో, ఆ ఉద్యోగమునకు తానును దరఖాస్తు పెట్టినవాడే యని జ్ఞప్తికి రావచ్చును. ఎదుటివాని తప్పు తనకు మెట్టు కాగలదన్న ఆశ ఆ మౌనము అడుగున ఎక్కడనో దాగియుండవచ్చును. నవ్వినవాని పాపము పదిమందికి తెలియును. ఇట్లు ఊరకున్నవాని పాపము అంతర్యామికి మాత్రమే తెలియును.

చెప్పుటకు అధికార మెవరిది అన్నది మరియొక చిక్కు. గురువునకు దిద్దు అధికారము శిష్యుడే సమిత్పాణియై వచ్చి యిచ్చును. సహాధ్యాయికి అట్టిది లేదు. వాని విద్యయు సగమే. పతంజలి మహర్షి మహాభాష్యమునందు ఒక రథసారథి కథ కలదు. ఒక వైయాకరణుడు ఈ రథమునకు ప్రవేత యెవరని అడిగెను. నేను ప్రాజితను అని సారథి వినయముతో బదులు చెప్పెను. అది అపశబ్దమని వైయాకరణుడు దిద్దెను. సారథి చలింపక, అయ్యవారికి సూత్రము తెలియును గాని వాడుక తెలియదనెను. వైయాకరణుడు కినిసి, ఈ దురుతుని చేత బాధపడుచున్నాముగదా యని గొణిగెను. సారథి మరల, ‘సూత’ శబ్దము మీరనుకొన్న ధాతువునుండి పుట్టలేదు, తిట్టదలచినచో ‘దుఃసూతుడు’ అని సరిగా తిట్టవలెనని చెప్పెను. మొదట దిద్దబోయినవాడు రెండుసార్లు దిద్దబడెను. ఇంతటి శాస్త్రజ్ఞుడైన పతంజలి తన శాస్త్రము వారిపైననే ఈ హాస్యమును నిలిపి మనకు అందించుట గమనింపదగినది. అద్దె గదిలో తోటివానిని దిద్దువాడును, ‘నాకు తెలిసినంతవరకు ఇట్లనవలెను, రేపు గురువుగారిని అడుగుదము’ అని చేర్చినచో అతనికి సారథి చేతిలో వైయాకరణునికి కలిగిన గతి పట్టదు.

భగవద్గీత పదునేడవ అధ్యాయమున భగవానుడు వాచిక తపస్సును నిరూపించినాడు. మాట ఉద్వేగము కలిగింపనిదై యుండవలెను, సత్యమై యుండవలెను, ప్రియమును హితమునై యుండవలెను, దానికి తోడు స్వాధ్యాయాభ్యాసము ఉండవలెను. ఇందలి వరుస ఆలోచింపదగినది. సత్యమునకంటె ముందు ఉద్వేగము కలిగింపకుండుట చెప్పబడినది. అనగా సత్యము తక్కువదని అర్థము కాదు. వినువాని హృదయము కలగినచో సత్యము లోనికి పోదు, గుమ్మము కడనే నిలిచిపోవును. స్వాధ్యాయము, అనగా నేర్చుకొనుట, ఇదే శ్లోకమున చేరియుండుటయు కాకతాళీయము కాదేమో. విద్య నేర్చువారి నడుమ మాట ఎట్లుండవలెనో దీనికంటె క్లుప్తముగా చెప్పుట కష్టము.

ఆచరణలో ఇది ఎట్లుండునో ఒక సందర్భమును భావించి చూడవచ్చును. ఒక గదిలో ఇద్దరు విద్యార్థినులు ఆంగ్లము మాత్రమే మాటలాడవలెనను గంటను పాటించుచున్నారు. అంతకు కొంచెము ముందే ఒకతెకు ఊరినుండి ఫోను వచ్చినది. ఆమె తడుముకొనుచు, ‘దిస్ ఇయర్ ఆల్సో రెయిన్ డిడ్ నాట్ కేమ్. మై ఫాదర్ హి ఈజ్ గోయింగ్ టు బెంగళూరు’ అన్నది. రెండవ ఆమె వెంటనే, ‘డిడ్’ అన్న పిమ్మట ‘కేమ్’ రాదు, ‘కమ్’ అనవలెను, ‘ఫాదర్’ అన్న తరువాత మరల ‘హి’ అక్కరలేదు అన్నది. రెండు దిద్దుబాట్లును సరియైనవే. గొంతు కఠినముగా లేదు, నవ్వును లేదు. మొదటి ఆమె ‘థాంక్యూ’ అని పుస్తకము తెరచుకొన్నది. ఆ రాత్రి ఆమె ఆంగ్లమున గాని తెలుగున గాని మరల మాటలాడలేదు.

ఏమి జరిగినది? విత్తిన సెనక్కాయ ఎండినదనియు, తండ్రి ఊరు విడిచి కూలికి పోవుచున్నాడనియు ఒక బిడ్డ చెప్పుకొన్నది. తోడిది విన్నది క్రియారూపమును మాత్రమే. మర్యాదగా దిద్దుట యనగా మెత్తని గొంతుతో దిద్దుట యని చాలమంది అనుకొందురు. గొంతు ఎంత మెత్తనిదైనను, చెప్పిన సంగతిని వినక చెప్పిన తీరునే విన్నచో అది మర్యాద కాదు. ఆ రెండవ ఆమెయే ‘ఓ, ఇట్ డిడ్ నాట్ రెయిన్ దిస్ ఇయర్ ఈదర్? వెన్ ఈజ్ యువర్ ఫాదర్ గోయింగ్?’ అని అడిగియుండినచో దిద్దవలసినవి రెండును ఆ ప్రశ్నలోననే అమరియుండెడివి. చెవి వానిని పట్టుకొనెడిది, మనస్సు మాత్రము తన దుఃఖమును పంచుకొన్న తోడును పట్టుకొనెడిది. మరునాడు తీరిక వేళ, ఆమె యిష్టపడినచో, నియమమును విడిగా చెప్పుకొనవచ్చును.

ప్రసంగవశమున ఒక మాట. ఆంగ్లమున వాన కురిసినదని చెప్పుటకు ‘ఇట్ రెయిన్డ్’ అందురు. ఆ ‘ఇట్’ ఎవరో ఏ వ్యాకరణవేత్తయు చూపజాలడు, అది కర్తృస్థానమును నింపుటకు పెట్టిన మాట. తెలుగున వానయే కర్త. వాన వచ్చును, వాన పోవును, వాన రాదు. చుట్టము కొరకు చూచినట్లు వాన కొరకు ఎదురుచూచువారి పలుకు అట్లే ఉండును. ‘రెయిన్ డిడ్ నాట్ కమ్’ అనుటలో ఆంగ్లపు సొంపు కొంత కొరవడవచ్చును గాని, అనంతపురపు సత్యము కొరవడలేదు.

పతంజలియే మరియొక చోట యర్వాణ తర్వాణులను ఋషులను గూర్చి చెప్పినాడు. వారు పరావరజ్ఞులు, ధర్మమును సాక్షాత్కరించుకొన్నవారు. మామూలు మాటలలో ‘యద్వా నః’, ‘తద్వా నః’ అనుటకు బదులు ‘యర్వాణః’, ‘తర్వాణః’ అనెడివారట. వారికి ఆ పేరే నిలిచినది. కాని యజ్ఞకర్మలో మాత్రము ఒక్క అపశబ్దమును పలికెడివారు కారు. నాలుకకు రెండు వేళలున్నవని దీనివలన తెలియుచున్నది. అభ్యాసవేళ యజ్ఞవేళ వంటిది. అప్పుడు దిద్దుమని ఒకరినొకరు ముందే కోరుకొని, దిద్దుకొనవలెను. గుండెలోని మాట చెప్పుకొను వేళ వేరు. ఆ భేదము నెరుగని మిత్రుడు వ్యాకరణమంతయు నెరిగినను తోడు కాజాలడు. అభ్యాసవేళయందును పదిమంది యెదుట దిద్దుట కంటె ఒంటరిగా దిద్దుట మేలు. దొర్లిన పది తప్పులలో అర్థము చెడగొట్టునది, మాటిమాటికి వచ్చునది ఒక్కటి చాలును. పదింటిని ఒక్కసారి చెప్పుట వానగాక వడగండ్లు కురిసినట్లగును.

కేరళ దేశమున గురువాయూరు క్షేత్రమునకు సంబంధించి పూంతానమను భక్తుని కథ చెప్పుకొందురు. ఆయన విష్ణుసహస్రనామమునందు ‘అమరప్రభుః’ అను నామమును ‘మరప్రభుః’ అని విరిచి చదువగా పండితుడు ఆక్షేపించెననియు, మలయాళమున మరమనగా చెట్టు గనుక చెట్లకును నేనే ప్రభువునని స్వామి పలికెననియు ఐతిహ్యము. మేల్పత్తూరు పండితుని విభక్తి కంటె పూంతానము భక్తియే తనకు ప్రియమని స్వామి యన్నట్లును చెప్పుదురు. ఈ కథను సోమరులు తమకు అండగా తెచ్చుకొనుట కలదు. భక్తియున్నచో విభక్తితో పని యేమని వారి వాదము. అట్లైనచో ఉదయాద్రినుండి అస్తాద్రివరకు సూర్యుని కెదురుగా నడచుచు వ్యాకరణము నేర్చిన ఆంజనేయునకు భక్తి కొరవడినదనవలసి వచ్చును. పూంతానము కథ పలుకువానికి చెప్పినది కాదు, దిద్దువానికి చెప్పినది.

ఇక దిద్దించుకొనువాని సంగతి. అది అష్టావక్రుని కథలో ఉన్నది. ఉద్దాలకుని శిష్యుడైన కహోడుడు రాత్రియెల్ల అధ్యయనము చేయుచుండగా, తల్లి సుజాత గర్భముననున్న శిశువు, ‘తండ్రీ, రాత్రియెల్ల చదువుచున్నావు గాని అది సరిగా సాగుటలేదు’ అన్నాడు. శిష్యుల నడుమ జరిగిన అవమానమును కహోడుడు ఓర్వలేకపోయెను. ఎనిమిది వంకరలతో పుట్టుమని శపించెను. శిశువు చెప్పినది నిజమే, చెప్పిన చోటు మంచిది కాదు. అయినను ఆ దోషమునకు ఆ శిక్షయా? తప్పు పలికినవానికి అవమానము నిముషకాలము, తప్పు చూపినవానికి ఆ వంకరలు ఏండ్ల తరబడి. దిద్దినవానిపై మొగము ముడుచుకొని వారముల తరబడి మాటలాడని మిత్రులు ఈ కథను ఒక్కసారి చదువుకొనవలెను.

భారతము ఆ కథను శాపముతో ముగింపలేదు. కహోడుడు జనకుని సభలో వందితో వాదించి ఓడి నీట ముంపబడెను. పండ్రెండేండ్లు నిండని ఆ వంకరల బాలుడు మేనమామ శ్వేతకేతునితో కలిసి మిథిలకు పోయి, అదే వందిని అదే సభలో మాటతోనే జయించెను. నీటనుండి తిరిగి వచ్చిన తండ్రి, తాను చేయలేనిది కుమారుడు చేసెనని నలుగురి యెదుట చెప్పుకొనెను. పిమ్మట ముగ్గురును ఆశ్రమమునకు మరలిరి. అక్కడ తల్లి చూచుచుండగా, సమంగా నదిలో దిగి స్నానము చేయుమని తండ్రియే కుమారునితో చెప్పెను. బాలుడు నీటిలో దిగెను. లేచి వచ్చునప్పటికి అంగములన్నియు సరియై యుండెను.